అరఠావు కాగితం, అయిదుగురు వాద్యగాళ్ళు

"జాజ్ అంటే అప్పటికప్పుడు తోచింది వాయించెయ్యటమే కదా మాస్టారూ, దాన్ని మళ్ళీ ఒకరు కూర్చుని రాసేదేముంటుంది?" అని మొన్న మన సంగీత సంఘం కుర్రవాడొకడు అడిగాడు. వాళ్ళు అయిదుగురు కలిసి గిటారు, కీబోర్డు, ఫ్లూటు, వయొలిన్, తబలా పెట్టుకుని సొంతంగా ఏదో కట్టాలని చూస్తున్నారట. ప్రశ్న సబబైనదే. నేను లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణే గాని సంగీత విద్వాంసుణ్ణి కాను. అయితే ఈ కాలేజీలోనే చదువుకునే రోజుల్లో ఈ ప్రశ్నకి జవాబు తెలియక నలుగురిలో బోర్లా పడ్డవాణ్ణి గనక, చెప్పే అర్హత కొంత సంపాదించుకున్నాననే అనుకుంటాను. సావనీరు సంపాదకులు వ్యాసం కోసం ఎలాగూ వదలటం లేదు. అంచేత ఆ జవాబేదో ఇక్కడే రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. జాజ్‌లో పదిహేను పదహారుమంది వాయించే పెద్ద బ్యాండ్లున్నాయి. వాటికి రాసేవాడు దాదాపు ప్రతి స్వరమూ రాసి ఇవ్వాలి. ఆ గొడవ ఇక్కడ వద్దు. మనం మాట్లాడేది నలుగురి నుంచి ఆరుగురి దాకా ఉండే చిన్న మేళం గురించి. ట్రంపెట్టో శాక్సఫోనో ఒకటి రెండు, పియానో, నిలువెత్తు బేస్, డ్రమ్స్, అంతే. అలాంటి మేళానికి రాసిన పాటని కాగితం మీద చూస్తే "ఇంతేనా?" అనిపిస్తుంది. చాలావాటికి అరఠావు చాలు. ఒక వరస రాగవరస, దాని నెత్తిన కార్డ్‌ల పేర్లు. ఆ అరఠావునే పది నిమిషాలు వాయిస్తారు.

మన కచేరీలు విన్నవాళ్ళకి ఇది అర్థం కావటం కష్టం కాదు. కృతిలో పల్లవి అందుకుని, ఆ ఎత్తుగడకి మళ్ళీ మళ్ళీ వచ్చి తగులుకుంటూ కల్పన స్వరాలు వేస్తారు కదా. స్వరాలు ఎవరూ రాయలేదు. కాని పల్లవి లేకపోతే ఆ స్వరాలకి దిగే రేవు ఉండదు. జాజ్‌లో ఆ పల్లవి లాంటి దాన్ని "హెడ్" అంటారు. మేళమంతా హెడ్‌ని ఒకటి రెండు సార్లు వాయిస్తుంది. తర్వాత ఒక్కొక్కరే వంతులవారీగా, హెడ్ ఎన్ని బార్లుందో అన్నేసి బార్ల ఆవర్తనాల మీద తమ కల్పన చూపిస్తారు. చివర అందరూ కలిసి మళ్ళీ హెడ్ వాయించి ముగిస్తారు.

తేడా ఎక్కడంటే, మనకి శ్రుతి ఒక్కటే. తంబురా మొదట పట్టిన షడ్జమం మంగళం దాకా కదలదు. జాజ్‌లో కాళ్ళ కింద నేల కదులుతూంటుంది. మూడు నాలుగు స్వరాలు ఒక్కసారిగా పలికిస్తే అది కార్డ్. షడ్జమం ఆధారంగా ఒక కార్డ్, మధ్యమం ఆధారంగా ఇంకొకటి, పంచమం మీద మరొకటి. ఇవి ఏ వరసలో, ఎన్నేసి బార్లు వస్తాయో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. పియానో, బేస్ ఆ వరసనే చక్రంలాగా తిప్పుతుంటాయి. వాయించేవాడు ఆ కదిలే నేల మీద నడవాలి.

వీటిలో అన్నిటికన్నా పాతదీ తేలికైనదీ 12 బార్ల బ్లూస్. బారుకి నాలుగు అక్షరాలు గనక 12 బార్లంటే 48 అక్షరాలు, అంటే మన ఆదితాళం ఆరు ఆవర్తనాలన్నమాట. మామూలు పద్ధతిలో మొదటి నాలుగు బార్లూ షడ్జమం కార్డ్ మీద, తర్వాత రెండు మధ్యమం మీద, మళ్ళీ రెండు షడ్జమం, ఒకటి పంచమం, ఒకటి మధ్యమం, ఆఖరి రెండూ షడ్జమం. పాడే బ్లూస్‌లో మొదటి నాలుగు బార్లలో చెప్పిన మాటనే రెండో నాలుగు బార్లలో మళ్ళీ చెప్పి, మూడో నాలుగులో దానికి బదులు చెప్పటం ఆనవాయితీ. ఒకే మాట రెండుసార్లు చెప్పినా కింద నేల మారింది గనక రెండోసారి అది వేరే మాటలా వినిపిస్తుంది. ఈ చిన్న కిటుకు మీద అమెరికా నల్లజాతి వాళ్ళు ఒక శతాబ్దానికి పైగా సంగీతం నడిపించారు.

ఇక రచన సంగతి. థెలోనియస్ మంక్ అనే పియానో ఆయన 1951లో రికార్డు చేసిన "స్ట్రెయిట్, నో చేసర్" అన్న పాట ఉంది. అది 12 బార్ల బ్లూసే. దాని ప్రాణమంతా అయిదు స్వరాల ముక్క. కింది పంచమం, షడ్జమం, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, అంతర గాంధారం. రెండు గాంధారాలు పక్కపక్కన! మన శాస్త్రం ఇందుకు ఒప్పుకోదు గాని, బ్లూస్ బతికేదే ఆ రెండు గాంధారాల మధ్య సందులో. పాడేవాళ్ళు అటూ ఇటూ కాకుండా ఆ నడుమ ఎక్కడో పలుకుతారు. పియానోలో ఆ సందు లేదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య చెక్కే. అంచేత మంక్ రెండిటినీ వెంటవెంటనే నొక్కి ఊరుకున్నాడు.

అసలు తమాషా లయలో ఉంది. ఆ అయిదు స్వరాల ముక్క ఒకసారి బారు మొదట్లోనే ఎత్తుకుంటుంది, ఇంకోసారి ఆలస్యంగా, మరోసారి ముందుగా. ఒకచోట తోక పెరుగుతుంది, ఒకచోట తెగిపోతుంది. అనాగతం, అతీతం అని మన మృదంగం మాస్టార్లు చెప్పేదే, ఇక్కడ పాట మొత్తానికి వస్తువైంది. వింటూంటే ఎవరో మెట్ల మీద తడబడుతున్నట్టుంటుంది గాని లెక్క వేస్తే 12 బార్లకి సరిగ్గా సరిపోతుంది. లెక్కల మాస్టారిని గనక ఇది నాకు మహా ఇష్టం. ఆ హెడ్ వాయించటానికి అర నిమిషం కూడా పట్టదు. కాని ఆ తర్వాత సోలో వాయించేవాడికి అది చేతినిండా పని ఇస్తుంది. ఆ ముక్కని ఎక్కడ ఎత్తుకోవాలి, ఎక్కడ వదలాలి అన్న ఆలోచన అతన్ని వదిలిపెట్టదు. నా దృష్టిలో చిన్న మేళానికి రచన అంటే ఇదే. స్వరాలు నింపిపెట్టటం కాదు, తోటివాళ్ళకి విప్పుకోవటానికి ఒక ముడి వేసి ఇవ్వటం.

మంక్ బతుకు గురించి ఒక్క సంగతి చెప్పక తప్పదు. ఆ పాట రికార్డయిన కొద్ది వారాలకే, 1951 ఆగస్టులో, మత్తుమందు కేసులో ఆయన్ని పట్టుకున్నారు. ఆ రోజుల్లో న్యూయార్కులో మద్యం అమ్మే క్లబ్బులో వాయించాలంటే పోలీసువారిచ్చే పర్మిట్ ఉండాలి. ఆయన పర్మిట్ రద్దయింది. 1957 దాకా ఉన్న ఊళ్ళో క్లబ్బుల్లో పని లేదు. ఆ ఆరేళ్ళూ ఆయన రాస్తూనే ఉన్నాడు, అప్పుడప్పుడు రికార్డులిస్తూనే ఉన్నాడు. 1956లో "బ్రిలియంట్ కార్నర్స్" అని ఒకటి రాశాడు. బార్ల లెక్క ఎగుడుదిగుడు, పైగా ఒక ఆవర్తనం విడిచి ఒక ఆవర్తనం వేగం రెట్టింపు. సానీ రాలిన్స్, మాక్స్ రోచ్ లాంటి ఉద్దండులు కూర్చుని పాతికసార్లు ప్రయత్నించినా ఒక్కటీ చివరిదాకా సరిగ్గా కుదరలేదు. నిర్మాత టేపు ముక్కలు కత్తిరించి అతికించి రికార్డు విడుదల చేశాడు. రాసేవాడికి ఉండే ఆశకీ, వాయించేవాడి చేతికీ మధ్య ఎంత దూరం ఉండొచ్చో ఆ రికార్డు చెబుతుంది.

ఆ దూరం నాకూ ఒకసారి తెలిసింది. 1974. హాస్టల్లో నా గది మిత్రుడి దగ్గర షార్ట్‌వేవ్ ఉన్న ట్రాన్సిస్టర్ ఉండేది. రాత్రిపూట వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కోనోవర్ అనే ఆయన జాజ్ వినిపించేవాడు. 1955లో మొదలైన ఆ కార్యక్రమం అప్పటికి ప్రపంచమంతా పాకింది. తాపీగా, ఒక్కో మాటా విడదీసి పలికే ఇంగ్లీషు. గరగర మధ్యలో వినిపించినంత మేర స్వరాలు నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. స్టాఫ్ నొటేషన్ మా ఊరి చర్చిలో హార్మోనియం వాయించే ఆయన దగ్గర అరకొరగా నేర్చుకున్నాను. ఆ పాటి విద్యతో, కాలేజీ వార్షికోత్సవానికి సొంత జాజ్ పాట కట్టేస్తానని నలుగురికీ చెప్పేశాను.

మేళం కుదిరింది. హార్మోనియం నేను. గిటారు ఒకడు, వయొలిన్ ఒకడు, తబలా ఒకడు. ఊదేవాడు కావాలి. బజార్లో పెళ్ళిళ్ళ బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించే పెద్దాయన ఉంటే వెళ్ళి బతిమాలాం. పోలీసు బ్యాండులో చేసి రిటైరైన మనిషి, నొటేషన్ గడగడా చదివేవాడు. నేను పదిహేను రోజులు కూర్చుని 64 బార్లు రాశాను. అయిదుగురికీ అయిదు కాగితాలు, ఎక్కడా ఖాళీ లేదు.

మొదటి రిహార్సల్లో మొదటి బారుకే చెవులు మూసుకోవలసి వచ్చింది. నా హార్మోనియానికీ ఆయన క్లారినెట్‌కీ పడలేదు. ఆయన నవ్వి, "బాబూ, మీ సి వేరు, నా సి వేరు" అన్నాడు. నాకు తెలియని సంగతేమిటంటే క్లారినెట్, ట్రంపెట్ సాధారణంగా బి ఫ్లాట్ వాద్యాలు. కాగితం మీద సి ఉంటే బయటికి బి ఫ్లాట్ వినిపిస్తుంది. ఆల్టో శాక్సఫోన్ అయితే సి అని రాసింది ఇ ఫ్లాట్‌గా పలుకుతుంది. ఒక్కో వాద్యానికీ దాని లెక్కలో విడిగా రాసి ఇవ్వాలి. సరే, ఆయన భాగం ఒక పూర్తి స్వరం పైకి మార్చి మళ్ళీ రాశాను. ఈసారి శ్రుతి కలిసింది. 64 బార్లూ వాయించాం. అయిపోయాక ఎవరూ మాట్లాడలేదు. ఆ పెద్దాయన కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "ఇందులో చదవటానికే ఉంది బాబూ, వాయించటానికేం లేదు" అన్నాడు.

ఆ రాత్రి నాకు కోపం వచ్చి నిద్ర పట్టలేదు. తెల్లారి 64లో 52 బార్లు కొట్టేశాను. మిగిలినవి 12. నాలుగు బార్ల ముక్క, అదే మళ్ళీ ఇంకోసారి, ఆఖరి నాలుగూ బదులు. మిగతాదంతా "మీ ఇష్టం" అని రాసి ఇచ్చాను.

మంక్ పని అర్థమయ్యాక మైల్స్ డేవిస్ పని ఇంకా బాగా అర్థమవుతుంది. 1959 మార్చి 2న న్యూయార్కులో ఆయన ఆరుగురితో రికార్డు చేసిన "సో వాట్" తీసుకోండి. అప్పటికి జాజ్‌లో కార్డ్‌లు మరీ ఎక్కువైపోయాయి. ప్రతి రెండు అక్షరాలకీ ఒక కార్డ్ మారుతూంటే వాయించేవాడికి ఊపిరాడదు, కార్డ్‌ల వెంట పరుగే సరిపోతుంది. డేవిస్ అవన్నీ తీసి పారేశాడు. 32 బార్ల పాటలో ఉన్నవి రెండే అంగళ్ళు. మొదటి 16 బార్లు డి నుంచి మొదలయ్యే డోరియన్ అనే వరస, తర్వాతి 8 బార్లు అదే వరస ఒక్క మెట్టు పైకి, చివరి 8 మళ్ళీ మొదటి చోటికి. ఈ డోరియన్ మనకి కొత్తదేమీ కాదు. స్వరస్థానాలు చూస్తే అచ్చంగా మన 22వ మేళకర్త ఖరహరప్రియ! త్యాగరాజస్వామి అంతగా పండించిన రాగం స్వరాలే. అయితే తొందరపడి అది ఖరహరప్రియేనని మాత్రం అనకండి. గమకం లేని చోట రాగం లేదు, మెట్లు మాత్రమే ఉన్నాయి. ఆ పైన 17వ బారులో షడ్జమమే ఒక మెట్టు పైకి జరిగిపోతే మన విద్వాంసులు కచేరీ ఆపేసి తంబురా వైపు చూస్తారు.

ఆ పాటలో హెడ్ కూడా చూడదగ్గది. రాగవరస ట్రంపెట్‌కి ఇవ్వకుండా బేస్‌కి ఇచ్చాడు. బేస్ ఒక ప్రశ్న వేస్తుంది, మిగతావాళ్ళు రెండు కార్డ్‌లతో "ఊఁ, అయితే" అన్నట్టు బదులిస్తారు. బుర్రకథలో కథకుడూ వంతలూ ఉన్నట్టే. అంతకుమించి రచన లేదు. అంత విశాలమైన చోటు దొరికినప్పుడు ఆరుగురిలో ఒక్కొక్కరి స్వభావం బయటపడింది. డేవిస్ నాలుగు స్వరాలు వాయించి ఊరుకుంటాడు. జాన్ కోల్ట్రేన్ అదే చోటులో జడివాన కురిపిస్తాడు. పియానో బిల్ ఎవన్స్ తలుపు సందులోంచి మాట్లాడినట్టు వాయిస్తాడు. రాసింది అందరికీ ఒక్కటే.

ఇదే కోల్ట్రేన్ రెండు నెలలకి, అదే 1959 మే నెలలో, దీనికి పూర్తిగా ఎదురు దిక్కున "జయంట్ స్టెప్స్" రికార్డు చేశాడు. పాట 16 బార్లే. కాని కార్డ్‌లు చాలాచోట్ల రెండేసి అక్షరాలకి మారిపోతాయి, మూడు షడ్జమాల మధ్య గెంతుతూ. వేగం నిమిషానికి 280 అక్షరాలకి పైమాటే. కోల్ట్రేన్ ఆ లెక్కల్ని ఇంట్లో ఎన్నాళ్ళో సాధన చేసుకుని వచ్చాడు. పియానో టామీ ఫ్లనగన్‌కి కార్డ్‌లు ముందే చూపించాడు గాని ఆ వేగంలో వాయిస్తాడని అతను అనుకోలేదు. రికార్డు వినండి. కోల్ట్రేన్ వరద అయ్యాక ఫ్లనగన్ వంతు వస్తుంది. కాసేపు ముక్కలు ముక్కలుగా వాయిస్తాడు, తర్వాత స్వరాలు వదిలేసి కార్డ్‌లు మాత్రం నొక్కుతూ ఉండిపోతాడు. అంత గొప్ప పియానిస్టు, అరవై ఏళ్ళకి పైగా జనం ఆ తడబాటే వింటున్నారు. 1982లో ఆయన అదే పాటని తన ముగ్గురి మేళంతో, కోల్ట్రేన్ జ్ఞాపకార్థం చేసిన రికార్డులో, హాయిగా వాయించి చూపించాడు. ఇరవై మూడేళ్ళు పట్టింది! "జయంట్ స్టెప్స్" గొప్ప రచనే, సందేహం లేదు. చిన్న మేళానికి రాసిన రచనగా మాత్రం అందులో ఒక దయలేనితనం ఉందని నా అభిప్రాయం. అది ఒక్కడి కోసం రాసింది.

చార్లెస్ మింగస్ అనే బేస్ ఆయన పద్ధతి ఇంకొకటి. 1956 ప్రాంతాల నుంచి ఆయన తన పాటల్ని కాగితం మీద ఇవ్వటం బాగా తగ్గించేసి, పియానో దగ్గర కూర్చుని ఒక్కో భాగం వాయించి వినిపించి నేర్పేవాడు. గురుముఖతా అన్నమాట. రాసి ఇస్తే స్వరం వస్తుంది గాని ఊపు రాదని ఆయన బాధ. మన తాతలనాటి సంగీతం మాస్టార్లు వింటే సంతోషించేవారు.

ఇంత తక్కువ రాసేచోట, పాట ఎవరిది అన్న పేచీ రాక తప్పదు. ఇందులో డబ్బు కూడా ఉంది. అమెరికా కాపీరైటు చట్టం రాగవరసని కాపాడింది గాని వట్టి కార్డ్‌ల వరసకి ఆ రక్షణ దొరకలేదు. అంచేత 1940లలో చార్లీ పార్కర్ తరం వాళ్ళు జనానికి తెలిసిన సినిమా, నాటకాల పాటల కార్డ్‌ల వరస తీసుకుని, దాని మీద సొంత హెడ్ కట్టటం మొదలుపెట్టారు. గెర్ష్విన్ 1930లో చేసిన "ఐ గాట్ రిథమ్" పాట కార్డ్‌ల మీద పుట్టిన జాజ్ పాటలకి లెక్కే లేదు. రాలిన్స్ "ఓలియో" అందులో ఒకటి. పార్కర్ 1945లో చేసిన "కో-కో"కి అడుగున ఉన్నది "చెరోకీ" అనే పాట. మొదటి టేక్‌లో వాళ్ళు అలవాటుకొద్దీ "చెరోకీ" వరసే ఎత్తుకుంటే మధ్యలో ఆపించెయ్యటం ఇప్పటికీ టేపులో వినిపిస్తుంది. ఆ వరస వాయిస్తే రాయల్టీ వేరేవాళ్ళకి కట్టాలి మరి. పాత ఇంటి పునాది మీద కొత్త ఇల్లు కట్టుకోవటం లాంటిది. గొప్ప పాటలు కొన్ని అలా పొదుపు కోసం పుట్టాయి.

రెండో పేచీ మిత్రుల మధ్యది. "సో వాట్" ఉన్న ఆల్బంలోనే "బ్లూ ఇన్ గ్రీన్" అని పది బార్ల పాట ఉంది. మొదలూ చివరా తెలియకుండా గుండ్రంగా తిరుగుతుంది. రికార్డు మీద రచన మైల్స్ డేవిస్ అనే ఉంది. అది తనదేనని బిల్ ఎవన్స్ బతికున్నంత కాలం చెబుతూనే ఉన్నాడు. 1980లో పోయాడు. ఆ పియానో తీరు తెలిసినవాళ్ళలో చాలామంది ఎవన్స్ పక్షమే. నేనూ ఆ పక్షమే, కాని ఆ ధైర్యం నాకు ఎంతవరకు తగునో తెలియదు.

ఎందుకంటారా? వార్షికోత్సవం నాడు మాకు ఏడు నిమిషాలిచ్చారు. పన్నెండు బార్లూ రెండుసార్లు వాయించాం. తలా ఒక వంతు తీసుకున్నాం. గిటారువాడు బెదిరిపోయి రెండు ఆవర్తనాలకే వదిలేశాడు. పెద్దాయన వంతు వచ్చింది. నా నాలుగు బార్ల ముక్కని తీసుకుని, దాని తోక విరిచి, పెళ్ళి ఊరేగింపులో గుమ్మం ముందు ఆగినప్పుడు బ్యాండువాళ్ళు వాయించే తిప్పు ఒకటి దానికి తగిలించాడు. తబలా కుర్రాడు వెంటనే పట్టుకున్నాడు. హాలంతా లేచింది. చివర హెడ్‌కి తిరిగి వచ్చేటప్పుడు మేమంతా, అనుకోకుండా, నేను రాసిన తోక మానేసి ఆయన తోకే వాయించాం. నెల్లాళ్ళపాటు హాస్టల్లో కుర్రాళ్ళు ఈల వేసింది దాన్నే. ప్రోగ్రాం కాగితం మీద మాత్రం "స్వర రచన" అని నా పేరొక్కటే అచ్చయింది. ఆయన పేరు "మరియు బృందం"లో పోయింది. ఆయన ఏమీ అనలేదు, పదిహేను రూపాయలూ పుచ్చుకుని ఆఖరి బస్సుకి వెళ్ళిపోయాడు. ఆ కాగితం చూసినప్పుడు కూడా నాకు ఏమీ తోచలేదు. తోచింది ఎవన్స్ కథ చదివాక, చాలా ఏళ్ళకి. అప్పటికి పెద్దాయన లేడు.

సంగీత సంఘం వాళ్ళకి ఇక చెప్పదగ్గవి పనికొచ్చే ముక్కలే. మొదటి పాట 12 బార్లు మించనివ్వకండి. మీ అయిదుగురిలో ఎవరికి ఏది బాగా వస్తుందో రాసుకుని, తర్వాత పాట మొదలుపెట్టండి. హోరేస్ సిల్వర్ 1964లో చేసిన "సాంగ్ ఫర్ మై ఫాదర్" వినండి. కదలని ఒక బేస్ ముక్క మీద ట్రంపెట్, శాక్సఫోన్ రెండే ఊదుతుంటే ఎంత నిండుగా ఉందో తెలుస్తుంది. మీ ఫ్లూటు, వయొలిన్‌లకి ఆ పద్ధతి అచ్చొస్తుంది. మొదటిరోజు రిహార్సల్లో ఎవరికీ కాగితం ఇవ్వకండి, మింగస్‌లాగా వాయించి నేర్పండి. తేలిగ్గా రాకపోతే తప్పు సాధారణంగా పాటదే. ప్రోగ్రాం కాగితం ప్రెస్సుకి పంపేది రిహార్సళ్ళు అయ్యాకే పంపండి, అప్పటికి ఎవరి ముక్క ఎక్కడ చేరిందో తెలుస్తుంది. పేరుకో లైను పెట్టినా అయిదు లైన్లే అవుతుంది. ఎప్పుడైనా క్లారినెట్ ఆయన దొరికితే మాత్రం, ఆయన భాగం ఒక స్వరం పైకి రాసి పట్టుకెళ్ళండి.